ఒక్క జతే

లాడ్జి కుర్రాడు అప్పలకొండ మూట దించి
"పిన్నీ, ఇది దేశం. జాగర్త" అన్నాడు.

విప్పితే పదిహేడు తెల్లవి, ఒకటి పసుప్పచ్చ.
గుండె మీద చిన్న పడవ బొమ్మ,
వీపున అంకెలు.
ఆడోళ్ళవంట. ఫుట్‌బాల్ ఆడ్డానికొచ్చారంట.
ఎంత దేశంరా అంటే
మన భీమిలి మండలమంత ఉంటాదో ఉండదో అన్నాడు.
ఎటేపు అంటే
డాల్ఫిన్ నోస్ మీంచి సముద్రంకేసి చెయ్యి ఊపాడు.
అటేపు నీళ్ళు తప్ప నాకేటీ కనపడలేదు.

ఉతికే చేతికి ఆట తెలీదు గానీ
ఆడినోళ్ళు తెలుస్తారు.
నాలుగో నెంబరు పడితే కుడి మోచెయ్యి మీదే పడతాది.
పదకొండు కుర్రపిల్ల, చేతి అంచు కొరుకుతాది.
పసుప్పచ్చది ముందంతా మట్టే,
ఏడు గోల్సు పడ్డాయంట పాపం, ఏడుసార్లూ దూకింది.
పదమూడోదాని రొమ్ముల దగ్గర
గంజి పెట్టినట్టు రెండు మచ్చలు.
వాసన చూసి ఊరుకున్నాను.
పాలు.
ఆ నీళ్ళవతల ఏ ఇంట్లోనో
ఓ పసిది పిడికిలి చీకుతూ నిద్రపోతా ఉంటాది.

రేపు నాలుగింటికి మళ్ళీ ఆట.
ఇంకో జత లేదంట.
దేశం మొత్తానికి ఒక్క జతే.

శ్రావణం ముసురు.
మా వెలంపేట మేడ మీద ఆరేస్తే
పోర్టు బొగ్గు దుమ్ము వాలతాది.
గదిలో వేస్తే ఉప్పుగాలి ఆరనివ్వదు.
ఇస్త్రీ పెడదామా,
నిప్పు చూస్తే ముడుచుకుపోయే గుడ్డ.
ఫ్యాను కింద తాడు కట్టి వేలాడేశాను.
రెండింటికి కరెంటు పోయింది.

చీకట్లో కాసేపు కూచున్నాను.
అప్పుడు లేచి వీధిలో తలుపులు కొట్టాను.
"ఒంటి వేడికి ఆరతాయి, తొడుక్కోండే!"

తిట్టుకుంటూనే వచ్చారు.
చేపలమ్మే నూకరత్నం తొమ్మిది తొడిగింది,
కేజీహెచ్‌లో నైట్ డ్యూటీ చేసొచ్చిన మరిడమ్మ కోడలు పది.
డెబ్బై దాటిన గవరమ్మ
"చీర మీదే తొడగండర్రా" అని చేతులు చాపింది.
పదమూడు సూరీడమ్మకిచ్చాను,
అది మూడు నెలల బాలింత.
పసుప్పచ్చది నాది.

ఈ కొస నుంచి ఆ కొసకి నడిచాం.
నడక చాల్లేదు, పరిగెత్తాం.
పద్దెనిమిదిమందిమి, ఒక్క దీపం లేదు,
కుక్కలు వెనకబడ్డాయి,
మరిడమ్మ కోడలికి నవ్వాగక దగ్గొచ్చింది.
బీటు కానిస్టేబులు మొహాల మీద టార్చి కొట్టి
"ఏటిది?" అన్నాడు.
"దేశం" అంది గవరమ్మ, ఆయాసపడుతూ.

తెల్లారి మడతలు పెడుతుంటే చూశాను,
పదమూడో దాని మీద
మళ్ళీ అవే రెండు మచ్చలు.
సూరీడమ్మ తల దించుకుంది.
ఉతికే టైము లేదు.
మచ్చలు లోపలికొచ్చేలా మడిచి
మూటలో మధ్యన పెట్టాను.

రాత్రి అప్పలకొండ మళ్ళీ మూటతో.
"ఓడిపోయారు పిన్నీ. ఐదు ఒకటి."

ఒకటా?

పదమూడోది పైకి తీశాను.
మెడ నాలుగేపులా సాగిపోయుంది.
భుజాల మీద, వీపు మీద
పచ్చిక రసం అంటిన వేళ్ళు,
కుడివీ ఎడమవీ, ఒకదాని మీద ఒకటి,
లెక్కపెట్టలేక వదిలేశాను.
నడుం దగ్గర పెద్ద ముద్ర ఒకటి, గ్లౌజుది.
ఆ కొస నుంచి ఈ కొసకి
అంత దూరం పరిగెత్తుకొచ్చిందన్నమాట.

"ఆ ఒక్కటీ ఈవిడే కొట్టింది" అన్నాను.
"నువ్వేటి, టికెట్టు కొనుక్కెళ్ళావా?" అన్నాడు.

పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు.
మెడ సాగింది సరిచెయ్యగలదా అని
మేనేజరమ్మ అడగమందంట.
వేడినీళ్ళలో ముంచి రెండు కుట్లు వేస్తే చాలు,
చిటికెలో పని.

రాదని చెప్పు, అన్నాను.